ఫిన్‌టెక్ కంపెనీలో క్లౌడ్ సెక్యూరిటీ టూల్స్‌ను ఏకం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్‌బీఐ నియంత్రణ కిందికి వచ్చే చెల్లింపుల, రుణాల కంపెనీల్లో క్లౌడ్ భద్రత చూసే ఇంజనీర్ల కోసం, వారి బడ్జెట్‌కు ఆమోదం తెలిపే అధికారుల కోసం ఈ ప్రశ్నలను, జవాబులను సిద్ధం చేశాం. ఉదాహరణలు ఎక్కువగా అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌కు సంబంధించినవి. అజూర్, గూగుల్ క్లౌడ్ వాడేవారికి సర్వీసుల పేర్లు మారతాయి గాని చిక్కులు దాదాపు ఇవే.

కంపెనీ పెరిగే కొద్దీ ఇన్ని సెక్యూరిటీ టూల్స్ ఎలా పోగవుతాయి?

ఎవరూ పథకం వేసుకుని పది టూల్స్ కొనరు. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణమైన పీసీఐ కింద మొదటి ఆడిట్ దగ్గర పడినప్పుడు బలహీనతలను వెతికే స్కానర్ ఒకటి వస్తుంది. భాగస్వామి బ్యాంకు పంపిన ప్రశ్నావళిలో క్లౌడ్ కాన్ఫిగరేషన్‌ను నిరంతరం గమనిస్తున్నారా అన్న గడి కనిపించగానే ఆ పని చేసే సీఎస్‌పీఎం టూల్ ఒకటి చేరుతుంది. అప్లికేషన్లను కంటైనర్లనే చిన్న పొట్లాలుగా నడిపే కుబర్నెటిస్‌కు మారిన బృందం ఆ కంటైనర్ల ఇమేజీల కోసం మరొకటి తెచ్చుకుంటుంది. ఈలోగా యాజమాన్యం ఒక చిన్న రుణాల యాప్‌ను కొంటే, దాని క్లౌడ్ ఖాతాలతో పాటు అక్కడి టూల్స్, వాటి మీద ఇంకా గడువు మిగిలి ఉన్న ఒప్పందాలు కూడా వచ్చి పడతాయి. కొన్న రోజున ప్రతిదానికీ సరైన కారణమే ఉంటుంది. కాలం గడిచాక చూస్తే ఒకే సర్వర్‌ను మూడు నాలుగు టూల్స్ స్కాన్ చేస్తుంటాయి, పోయిన నెల తెరిచిన కొత్త క్లౌడ్ ఖాతా వైపు మాత్రం ఒక్కటీ తొంగి చూడదు.

ఏకీకరణ అంటే అన్నీ ఒకే కంపెనీ దగ్గర కొనడమేనా?

అమ్మేవాళ్లు అలాగే చెబుతారు. కాన్ఫిగరేషన్ తనిఖీ, సర్వర్ల, కంటైనర్ల రక్షణ, ఎవరు దేన్ని వాడవచ్చో నిర్ణయించే ఐఏఎం అనుమతుల విశ్లేషణ, కోడ్ స్కానింగ్ వంటివన్నీ ఒకే చోట చేసే ఉత్పత్తులను ఇప్పుడు సీఎన్‌ఏపీపీ అంటున్నారు. గార్ట్‌నర్ సంస్థ ఈ పేరును 2021లో ప్రచారంలోకి తెచ్చింది. అలాంటిది ఒకటి కొనడం మంచిదే కావచ్చు, కానీ కొన్నంత మాత్రాన పని పూర్తి కాదు. కంపెనీకి ఉన్న క్లౌడ్ ఆస్తులన్నిటికీ ఒకే జాబితా ఉండాలి, ప్రతి ఆస్తికీ ఒక ఓనర్ ఉండాలి, ఒక లోపానికి ఒకే టికెట్, ఒకే తీవ్రత స్థాయి ఉండాలి. ఇవి కుదిరాక నాలుగు టూల్స్ మిగిలినా ఏకీకరణ జరిగినట్లే. ఇవి కుదరకపోతే, మిగిలింది ఒక్క టూలే అయినా దాని లోపల అరడజను ట్యాబులు ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు ఉంటాయి. కొన్ని ప్లాట్‌ఫారాలు వరుసగా చిన్న కంపెనీలను కొని అతికించినవి కాబట్టి ఈ మాటను డెమో రోజునే తేల్చుకోవడం మేలు.

టూల్స్ ఎక్కువగా ఉంటే రక్షణ కూడా ఎక్కువే కదా?

పది మందిలో పాము చావదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కేవైసీ పత్రాలు దాచే ఒక ఎస్3 బకెట్‌ను, అంటే ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే చోటును, తీసుకుందాం. దాన్ని చదివే అనుమతి అవసరానికి మించి చాలా రోల్స్‌కు (సర్వర్లకు, మనుషులకు ఇచ్చే అనుమతుల మూటలకు) ఉంది. సీఎస్‌పీఎం దీన్ని మధ్యస్థ తీవ్రత కింద చూపుతుంది, ఎందుకంటే బకెట్‌లో ఏముందో దానికి తెలియదు. బకెట్‌లో పాన్ కార్డుల స్కాన్‌లు ఉన్నాయని డేటాను వెతికే టూల్‌కు తెలుసు గాని, దాన్ని ఎవరెవరు చదవగలరో తెలియదు. ఆ రోల్స్‌లో ఒకటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న సర్వర్‌కు తగిలించి ఉన్నదని మూడో టూల్‌కు తెలుసు గాని, మిగతా రెండు విషయాలూ తెలియవు. మూడు టికెట్లు మూడు బృందాలకు వెళ్తాయి, మూడింటి మీదా మధ్యస్థం అనే రాసి ఉంటుంది, వచ్చే త్రైమాసికంలో చూద్దామని మూడు బృందాలూ పక్కన పెడతాయి.

2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకులో జరిగిన చోరీలో సరిగ్గా ఇలాంటి గొలుసే ఉంది. వెబ్ ఫైర్‌వాల్ కాన్ఫిగరేషన్‌లో లోపం ఉండడం వల్ల బయటి వ్యక్తి పంపిన అభ్యర్థన సర్వర్‌కు దాని వివరాలు అందించే లోపలి మెటాడేటా సర్వీసును చేరింది. అక్కడ ఒక ఐఏఎం రోల్ తాలూకు తాత్కాలిక ఆధారాలు (లాగిన్ కీలు) దొరికాయి. ఫైర్‌వాల్‌కు అక్కర్లేనన్ని అనుమతులు ఆ రోల్‌కు ఉండడంతో ఏడు వందలకు పైగా బకెట్ల పేర్లు బయటపడ్డాయి. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు పోయాయి. మార్చిలో జరిగిన చోరీ సంగతి బయటి వ్యక్తి జులైలో ఈమెయిల్ పంపాకే బ్యాంకుకు తెలిసింది. మరుసటి సంవత్సరం నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. ఫైర్‌వాల్ లోపం, అనుమతుల లోపం, డేటా ఉన్న చోటు అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపించగలగడమే ఏకీకరణ వల్ల కలిగే అసలు లాభం. లైసెన్సుల ఖర్చు తగ్గడం దాని తరువాతి సంగతి.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

టూల్స్ జాబితాతో మాత్రం వద్దు. ముందు క్లౌడ్ ఖాతాల లెక్క తేల్చాలి. కంపెనీ ఖాతాలన్నిటినీ ఒకే గొడుగు కింద ఉంచే ఏడబ్ల్యూఎస్ ఆర్గనైజేషన్స్‌లో చేరని ఖాతాలు ఉన్నాయా అన్నది అకౌంట్స్ విభాగం చెల్లించే బిల్లులను, ఉద్యోగుల క్రెడిట్ కార్డు రీయింబర్స్‌మెంట్లను చూస్తే తెలుస్తుంది. ఎవరో హ్యాకథాన్ కోసం తెరిచి మరచిపోయిన ఖాతా అక్కడే దొరుకుతుంది, ఏ స్కానరూ దాన్ని పట్టుకోలేదు. ఆ తరువాత ప్రతి ఖాతాకూ, ప్రతి సర్వీసుకూ ఓనర్ ఎవరో ట్యాగులలో రాయించాలి. ఓనర్‌గా వ్యక్తి పేరు రాస్తే ఆ వ్యక్తి ఉద్యోగం మారిన రోజున ట్యాగు అనాథ అవుతుంది కాబట్టి బృందం పేరే రాయాలి. ట్యాగు లేని వనరును, క్లౌడ్ వనరులను కోడ్‌తో సృష్టించే టెర్రాఫామ్ పైప్‌లైన్‌లోనే ఆపేయకపోతే ఈ క్రమశిక్షణ ఎక్కువ కాలం నిలవదు.

ఇది అయ్యాక ఉన్న టూల్స్ ఒక్కొక్కదాన్నీ ఒకే ప్రశ్న అడగాలి: పోయిన ఆరు నెలల్లో దీని అలర్టు చూసి ఎవరైనా ఏదైనా సరిచేశారా? సమాధానం లేకపోతే ఆ టూల్ ఎంత గొప్పదైనా ప్రస్తుతానికి అలంకారమే.

ఆర్‌బీఐ, సెర్ట్-ఇన్ నిబంధనలకూ టూల్స్ ఏకీకరణకూ సంబంధం ఏమిటి?

ముఖ్యమైన సంబంధం సమయంతో. సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటలలోపు నివేదించాలి. రాత్రి రెండు గంటలకు అలర్టు వచ్చిందనుకుందాం. ఉదయం ఎనిమిదికల్లా ఏ సర్వర్, ఏ డేటా, ఎవరి ఆధారాలతో జరిగింది అన్న ప్రాథమిక సమాచారం చేతిలో ఉండాలి. మూడు కన్సోళ్లలోకి లాగిన్ అయి, మూడు రకాల సమయ మండలాల్లో ఉన్న లాగులను స్ప్రెడ్‌షీట్‌లో పక్కపక్కన అతికించే సరికే అందులో సగం సమయం పోతుంది. సిస్టమ్ గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయ సర్వర్లతో సరిచూసుకోవాలన్న షరతు కూడా అదే ఆదేశాల్లో ఉంది.

లాగుల నిల్వ గురించి మూడు నిబంధనలు గడువులు పెడుతున్నాయి. సెర్ట్-ఇన్ 180 రోజులు అడుగుతుంది. పీసీఐ ప్రమాణం (పీసీఐ డీఎస్ఎస్) 12 నెలలు ఉంచమంటుంది, అందులో తాజా మూడు నెలలవి వెంటనే విశ్లేషించడానికి అందుబాటులో ఉండాలంటుంది. 2025 నవంబరులో నోటిఫై అయిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నియమాలు కూడా ఒక సంవత్సరమే చెబుతున్నాయి. ఖాతాలో ఎవరేం చేశారో నమోదు చేసే ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌ట్రెయిల్‌లో ఏ ఏర్పాటూ చేయకుండా కనిపించే చరిత్ర 90 రోజులదే. ప్రతి టూల్‌లోనూ లాగుల నిల్వకు విడివిడిగా డబ్బు కట్టే బదులు, సొంత ఖాతాలోని ఒక ఎస్3 నిల్వలో ఏడాది లాగులు ఉంచి, టూల్స్ అక్కడి నుంచి చదువుకునేలా చేయడం చౌక. టూల్ మారినా లాగులు మన దగ్గరే ఉంటాయి.

బ్యాంకులు కాని చెల్లింపు వ్యవస్థల నిర్వాహకులకు 2024 జులై 30న ఆర్‌బీఐ నుంచి వచ్చిన సైబర్ దృఢత్వపు ఆదేశాలు వర్తిస్తాయి. పెద్ద సంస్థలకు 2025 ఏప్రిల్ 1 నుంచి, మధ్యస్థ సంస్థలకు 2026 ఏప్రిల్ 1 నుంచి, చిన్నవాటికి 2028 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చేలా గడువులు పెట్టారు. త్వరగా పెరిగే కంపెనీ ఒక వర్గం నుంచి పై వర్గానికి మారవచ్చు కాబట్టి, తన గడువు ఇంకా దూరంగా ఉందని నిశ్చింతగా ఉండడానికి లేదు.

సెక్యూరిటీ టూల్ కొనడం ఐటీ అవుట్‌సోర్సింగ్ కిందికి వస్తుందా?

2023 ఏప్రిల్ 10 నాటి ఆర్‌బీఐ ఐటీ అవుట్‌సోర్సింగ్ ఆదేశాల అనుబంధాన్ని చదివితే, లైసెన్సు లేదా చందా మీద తీసుకున్న సెక్యూరిటీ ఉత్పత్తులను అవుట్‌సోర్సింగ్‌గా పరిగణించరని తెలుస్తుంది. కానీ అలర్టులను చూసే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌ను బయటి సంస్థకు అప్పగిస్తే మాత్రం ఆ ఆదేశాలు వర్తిస్తాయి. ఆడిట్ హక్కు, వైదొలగే ప్రణాళిక, ఒకే సంస్థ మీద అతిగా ఆధారపడడం వల్ల కలిగే ముప్పు అన్నీ చర్చకు వస్తాయి. ఈ రోజుల్లో చాలా కంపెనీలు ఉత్పత్తినీ, దాన్ని నడిపే మనుషులనూ ఒకే ప్యాకేజీగా అమ్ముతున్నాయి. సంతకానికి ముందే దీన్ని కంప్లయన్స్ విభాగానికి చూపించడం మంచిది.

భద్రతా టూల్ మన డేటాను దేశం దాటిస్తుందా?

దాటించవచ్చు. చాలామంది ఈ ప్రశ్నను ఒప్పందం కుదిరాక అడుగుతారు. 2018 ఏప్రిల్ 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం చెల్లింపుల వ్యవస్థ డేటా మొత్తం భారతదేశంలోనే నిల్వ ఉండాలి. ఈ విషయంలో ఆర్‌బీఐ ఊరుకోదని 2021లో మాస్టర్‌కార్డ్‌ను కొత్త దేశీయ ఖాతాదారులను చేర్చుకోకుండా ఆపినప్పుడు అందరికీ అర్థమైంది. ఏజెంట్ (సర్వర్‌లోనే కూర్చుని గమనించే చిన్న ప్రోగ్రాం) లేకుండా పనిచేసే టూల్ సర్వర్ డిస్క్‌కు స్నాప్‌షాట్, అంటే నకలు, తీసి దాన్ని స్కాన్ చేస్తుంది. ఆ స్కానింగ్ మన ఖాతాలో జరుగుతుందా, అమ్మకందారు ఖాతాలోనా? అమ్మకందారు ఖాతాలో అయితే ఏ రీజియన్‌లో (ఏ ప్రాంతపు డేటా కేంద్రాల్లో)? స్నాప్‌షాట్‌ను ఎప్పుడు చెరిపేస్తారు? డేటాను వెతికే టూల్ తనకు దొరికిన కార్డు నంబరులో నాలుగు అంకెలు నమూనాగా చూపిస్తే, ఆ నమూనా ఏ దేశంలో నిల్వ ఉంది? వీటికి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

ఏడబ్ల్యూఎస్ ముంబయి రీజియన్ 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలయ్యాయి కాబట్టి ప్రధాన వ్యవస్థ ఒకచోట, విపత్తు వేళ ఆదుకునే వ్యవస్థ మరొకచోట పెట్టుకున్నా రెండూ దేశంలోనే ఉంటాయి. అయితే అమ్మకందారు ముంబయిని సమర్థిస్తాడని హైదరాబాద్‌ను కూడా సమర్థిస్తాడనుకోకూడదు. ప్రత్యామ్నాయ రీజియన్‌లో టూల్ పనిచేయకపోతే, విపత్తు కసరత్తు (డీఆర్ డ్రిల్) చేసిన రోజున కంపెనీ కాపలా లేకుండానే నడిచినట్లవుతుంది.

ఏజెంట్ అవసరమా, లేకుండా సరిపోతుందా?

రెండూ కావాలి, కానీ అన్నిచోట్లా కాదు. స్నాప్‌షాట్ పద్ధతి ఖాతాను కలిపిన రోజునే ఫలితాలిస్తుంది, డెవలపర్లను బతిమాలే పని ఉండదు. అయితే అది విడతలు విడతలుగా చూస్తుంది. నడుస్తున్న కంటైనర్‌లో ఈ నిమిషాన ఎవరో షెల్ తెరిస్తే దానికి తెలియదు. చెల్లింపులు నడిపే క్లస్టర్లకు, ఎన్‌క్రిప్షన్ కీలు దాచే సర్వర్లకు, లినక్స్ కెర్నెల్ స్థాయిలో గమనించే ఈబీపీఎఫ్ ఆధారిత ఏజెంట్ పెట్టడం న్యాయం, మిగతావాటికి స్నాప్‌షాట్ చాలు. సర్వర్లను ఏడబ్ల్యూఎస్సే చూసుకునే ఫార్గేట్ మీద నడిచే కంటైనర్లలో, ప్రతి సర్వర్‌కూ ఒక ఏజెంట్ పెట్టే డీమన్‌సెట్ పద్ధతి పనిచేయదన్న సంగతి కొనుగోలు చర్చల్లో తరచూ మరుగున పడుతుంది. ఏజెంట్ వల్ల పెరిగే జాప్యాన్ని నెల మొదటి వారంలో, జీతాలు పడి ఈఎంఐలు కట్ అయ్యే రద్దీలో కొలవాలి.

క్లౌడ్ కంపెనీ ఇచ్చే టూల్స్ గాని, ఓపెన్ సోర్స్ గాని సరిపోవా?

ఒకే క్లౌడ్ వాడే చిన్న బృందానికి ఏడబ్ల్యూఎస్ సొంత టూల్స్ అయిన గార్డ్‌డ్యూటీ, సెక్యూరిటీ హబ్, ఇన్‌స్పెక్టర్ చాలావరకు సరిపోతాయి. బయటి ప్లాట్‌ఫారం కొన్నా గార్డ్‌డ్యూటీని ఆపేయమని సలహా ఇవ్వలేం. ఓపెన్ సోర్స్‌లో ప్రౌలర్, ట్రివీ, ఫాల్కో మంచి టూల్సే గాని వాటిని నడపడానికి, నవీకరించడానికి ఇంజనీర్ల సమయం పడుతుంది. ఆ సమయాన్ని లెక్కలో వేయకుండా ఉచితం అనుకోవడం పొరపాటు.

డెమోలో ఏం పరీక్షించాలి?

అమ్మకందారు తయారుచేసిన ఖాతాలో కాకుండా, మన ఖాతాలో, మన చెత్త మధ్యన పరీక్షించాలి. భారతీయ ఫిన్‌టెక్‌కు బాగా పనికొచ్చే పరీక్ష ఒకటుంది. ఆధార్ నంబరు 12 అంకెలది. యూపీఐ లావాదేవీ రిఫరెన్సు నంబరు కూడా 12 అంకెలదే. విదేశంలో తయారైన చాలా డేటా స్కానర్లు 12 అంకెలు కనిపిస్తే చాలు ఆధార్ అని అరుస్తాయి. లావాదేవీల లాగుల మీద అలాంటిదాన్ని వదిలితే లక్షల్లో తప్పుడు అలర్టులు వస్తాయి, నిజంగా లాగులోకి జారిన ఆధార్ వాటి కింద కప్పబడిపోతుంది. ఆధార్ నంబరు 0తో గాని 1తో గాని మొదలుకాదు. దాని చివరి అంకె వెర్హాఫ్ పద్ధతిలో లెక్కించిన తనిఖీ అంకె. ఈ తనిఖీ చేస్తే యాదృచ్ఛికమైన నంబర్లలో పదింట తొమ్మిది అక్కడే రాలిపోతాయి. పక్కన ఉన్న ఫీల్డు పేరును కూడా చూసే టూల్ అయితే మిగిలినవాటిలోనూ చాలావాటిని ఏరేస్తుంది. మన సొంత షరతును అమ్మకందారు సాయం లేకుండా మనమే రాసుకోగలమా అన్నది కూడా ఈ పరీక్షలోనే తేలుతుంది.

అన్నీ ఒకే కంపెనీ చేతిలో పెడితే ముప్పు కాదా?

ముప్పే. 2024 జులై 19న భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అప్‌డేట్లను మనం చెప్పిన దశల్లో, ముందు టెస్ట్ వాతావరణంలో వదిలే వీలు లేని ఏజెంట్‌ను చెల్లింపుల సర్వర్ మీద పెట్టకూడదు. మరో ముప్పు యాజమాన్య మార్పు. క్లౌడ్ భద్రతా కంపెనీ లేస్‌వర్క్‌ను 2024లో ఫోర్టినెట్ కొనేసింది. అదే రంగంలోని విజ్‌ను 3,200 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు గూగుల్ 2025 మార్చిలో ప్రకటించింది. కొన్న కంపెనీ పాత ధరలకు, పాత ప్రణాళికలకు కట్టుబడి ఉంటుందన్న హామీ ఏదీ ఉండదు. అందుకే ఒప్పందం మొదటిసారి ఏడాదికే చేసుకోవడం, యాజమాన్యం మారితే వైదొలగే హక్కు రాయించుకోవడం, అలర్టులు ఓసీఎస్ఎఫ్ వంటి బహిరంగ ఫార్మాట్‌లో బయటికి వచ్చేలా చూసుకోవడం అవసరం. మూడేళ్లకు కడితే వచ్చే రాయితీ ఆకర్షణీయంగానే ఉంటుంది, కానీ వేగంగా మారే కంపెనీకి అది తగదన్నది మా అభిప్రాయం.

దేన్ని విడిగానే ఉంచాలి?

మోసపూరిత లావాదేవీలను పట్టే వ్యవస్థను ఇందులో కలపకూడదు, దాని లోకమే వేరు. ఎన్‌క్రిప్షన్ కీల నిర్వహణ, ఆ కీలను దాచే హెచ్‌ఎస్‌ఎం పరికరాలు కూడా విడిగానే ఉండాలి. పీసీఐ కోరే త్రైమాసిక బాహ్య స్కాన్‌ను గుర్తింపు పొందిన సంస్థే చేయాలి కాబట్టి దాన్ని ప్లాట్‌ఫారం డ్యాష్‌బోర్డు చూపించి తప్పించుకోలేం.

కొత్త టూల్ మొదటి రోజునే వేల లోపాలు చూపిస్తే ఏం చేయాలి?

అలా చూపిస్తుందని యాజమాన్యానికి ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే భద్రత ఒక్కసారిగా దిగజారిందని బోర్డు కంగారు పడుతుంది. ఆ జాబితాను మొత్తంగా డెవలపర్లకు పంపితే వాళ్లు మొదటి వారమే ఈమెయిల్ ఫిల్టర్ పెట్టుకుంటారు. ఇంటర్నెట్ నుంచి చేరుకోగలిగి, సున్నితమైన డేటాకు దారి ఉన్న లోపాలను మాత్రమే ముందు టికెట్లుగా మార్చాలి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఒకే మూలం నుంచి వస్తాయి. ఒక పాత బేస్ ఇమేజ్‌ను మార్చితే దాని మీద కట్టిన కంటైనర్లన్నిటిలోనూ లోపాలు ఒకేసారి పోతాయి, ఒక టెర్రాఫామ్ మాడ్యూల్‌ను సరిచేస్తే దాన్ని వాడిన బకెట్లన్నీ సర్దుకుంటాయి. కొత్త కోడ్‌కు మాత్రం పైప్‌లైన్‌లో అడ్డుకట్ట వేయవచ్చు. మొదట్లో హెచ్చరికగా మాత్రమే పెట్టి, డెవలపర్లు అలవాటు పడ్డాక నిజంగా ఆపడం ఆచరణలో నిలిచే మార్గం.

పాత టూల్‌ను కొత్తదాన్ని ఎంతకాలం పక్కపక్కన నడపాలి?

కనీసం ఒక త్రైమాసికం, అందులో ఒక ఆడిట్ ఉంటే మరీ మంచిది. ఆ సమయంలో పాతది పట్టుకుని కొత్తది వదిలేసిన ప్రతి అలర్టుకూ కారణం రాసి పెట్టాలి. సురక్షిత కాన్ఫిగరేషన్‌కు సంబంధించిన సీఐఎస్ ప్రమాణాల్లో పాత టూల్ ఏయే నియంత్రణలకు ఆధారంగా నిలిచిందో ఆడిటర్‌కు ముందుగానే తెలియజేయాలి. ఆడిట్ మధ్యలో సాక్ష్యం వచ్చే చోటు మారితే అనవసరమైన ప్రశ్నలు పుడతాయి.

ఫలితాన్ని ఎలా కొలవాలి?

తగ్గిన టూల్స్ సంఖ్యను, ఆదా అయిన రూపాయలను బోర్డుకు చూపించడం సులువు. కానీ భద్రత పెరిగిందా లేదా చెప్పేవి వేరే ఉన్నాయి. ఓనర్ లేని వనరులు ఎన్ని మిగిలాయి, తీవ్రమైన లోపం కనిపించిన నాటి నుంచి సరిచేసే దాకా ఎంత సమయం పట్టింది, సరిచేశాక మళ్లీ తెరుచుకున్న టికెట్లు ఎన్ని అన్నవి చూడాలి. జావా లైబ్రరీ అయిన లాగ్4జేలోని లోపం 2021 డిసెంబరులో బయటపడినప్పుడు ప్రతి కంపెనీ ఒకే ప్రశ్నతో తల పట్టుకుంది: అది మన దగ్గర ఎక్కడెక్కడ ఉంది? ఏదో ఒక లైబ్రరీ పేరు తీసుకుని అదే ప్రశ్నను బృందానికి ఎప్పుడైనా వేసి, జవాబుకు ఎంతసేపు పట్టిందో చూడవచ్చు.

పాత టూల్‌ను తీసేసేటప్పుడు ఏవి మరచిపోతారు?

అది వాడిన రోల్స్‌ను. ఒప్పందం ముగిసి, కన్సోల్ మూతపడినా, ఆ అమ్మకందారు ఖాతా నుంచి మన ప్రతి ఖాతాలోకి వచ్చే క్రాస్-అకౌంట్ రోల్ అలాగే ఉండిపోతుంది. అది సాధారణంగా అన్నిటినీ చదవగలిగే రోల్. స్నాప్‌షాట్లు తీసే టూల్ అయితే డిస్కులను కాపీ చేసే అనుమతి కూడా దానికి ఉంటుంది. రేపు ఆ అమ్మకందారు ఇంట్లో దొంగలు పడితే మన తలుపు కూడా తెరిచే ఉన్నట్లు. రోల్స్‌ను, వాటితో పాటు గిట్ రిపోజిటరీలకు ఇచ్చిన టోకెన్లను, స్లాక్, జిరా అనుసంధానాలను, ఏడబ్ల్యూఎస్ కేఎంఎస్‌లోని ఎన్‌క్రిప్షన్ కీల మీద ఇచ్చిన అనుమతులను, సర్వర్లలో మిగిలిన ఏజెంట్లను ఒక్కొక్కటిగా తొలగించాలి. పాత అలర్టుల చరిత్రను, ఆడిట్‌కు కావలసిన నివేదికలను ముందే దించుకుని, ఆ తరువాతే డేటాను చెరిపేసినట్లు ధ్రువపత్రం అడగాలి. చివరిగా క్లౌడ్‌ట్రెయిల్‌లో ఆ అమ్మకందారు ఖాతా నంబరుతో వెతికి, తొలగించిన తేదీ తరువాత అది ఒక్క అభ్యర్థన కూడా విజయవంతంగా పంపలేదని నిర్ధారించుకుని, ఆ ఫలితాన్ని టికెట్‌కు జతచేసి మూసేయాలి.